నా పుస్తకంలో ఇరవై ఏడో నంబరు

జయపాల్ మెసేజ్ వచ్చిన మర్నాడు ఉదయం నేను అటకెక్కాను. పాత టేబుల్ ఫ్యాను రెక్కల కోసమని అమ్మతో చెప్పాను గానీ, నేను వెతికింది ఒక పుస్తకం. పాలిటెక్నిక్ రోజుల సామానంతా మూడు గోనెసంచుల్లో ఉంది. మొదటి దాంట్లో డ్రాయింగు షీట్లు, రెండో దాంట్లో ల్యాబు రికార్డులు. మూడో సంచి అడుగున, మినీ డ్రాఫ్టర్ కింద, లాంగ్ నోటుపుస్తకం కనిపించింది. అట్ట మీద నా చేతిరాతే: ‘గూడ్సు – పరిశీలనలు.’ అంచులు పురుగు తినేసింది. లోపల అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. నిచ్చెన మీదే నిలబడి నేరుగా ఇరవై ఏడో నంబరు దగ్గరకు వెళ్ళాను. పేజీ వెతుక్కోవలసిన పనిలేదు. అది కుడివైపు పేజీలో, పైనుంచి నాలుగోది. పద్నాలుగేళ్ళుగా నాకు తెలుసు.

“ఆ ఫ్యాను రెక్కలు పాత సామాన్లవాడికి వేసేసి ఆరేళ్ళయిందిరా,” అంది అమ్మ కింద నుంచి.

గూడ్సు అనేది ఒక ఇంగ్లీషు సీరియల్‌కి మేం పెట్టుకున్న పేరు. అసలు పేరు పొడుగ్గా ఉండేది, మాలో ఎవరూ దాన్ని వాడలేదు. కథంతా అంతరిక్షంలో. నూట పన్నెండు పెట్టెల సరుకు ఓడ ఒకటి ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి ఏళ్ళ తరబడి వెళుతూ ఉంటుంది. ముందు క్యాబిన్‌లో ఒక కెప్టెన్, ఆమె కింద అయిదుగురు సిబ్బంది. చిట్టచివరి పెట్టెలో ఒకే ఒక్క మనిషి కాపలా. అతన్ని ఒక్కసారి కూడా పూర్తిగా చూపించరు. చెయ్యో, భుజమో కనిపిస్తుంది, రేడియోలో గొంతు వినిపిస్తుంది. ప్రతి ఎపిసోడ్‌లోనూ కెప్టెన్ “వెనక అంతా క్షేమమేనా?” అని అడుగుతుంది. “వెనక అంతా క్షేమం, సాగిపొండి,” అని ఆ గొంతు జవాబిస్తుంది. మొదటి ఎపిసోడ్ చూడగానే బాబ్జీ “ఇది గూడ్సు బండి కదరా” అన్నాడు. పేరు అలాగే నిలబడిపోయింది.

డిప్లొమా రెండో ఏట మేం నలుగురం. బాబ్జీ వాళ్ళ బాబాయికి విజయవాడ గవర్నర్‌పేటలో కాగితాల హోల్‌సేల్ కొట్టుంది. కొట్టు పక్కనున్న ఇంటర్నెట్ సెంటరాయన్ని మంచి చేసుకుని, రెండేసి రోజులు డౌన్‌లోడ్‌కి పెట్టి, ఎపిసోడ్‌ని పెన్‌డ్రైవ్‌లో తేవడం వాడి పని. మైలవరం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే హారికకి ఆ యాస ఇంగ్లీషు మా అందరికన్నా బాగా అర్థమయ్యేది, మధ్యమధ్యలో ఆపి అర్థం చెప్పడం ఆమె పని. జయపాల్ది కంప్యూటరు, ఇల్లు. నాది పుస్తకం. పెన్‌డ్రైవ్ చిన్నది కాబట్టి కొత్తది ఎక్కించాలంటే పాతది చెరిపేయాలి. అందుకని ప్రతి ఎపిసోడ్నీ రెండుసార్లు చూసేవాళ్ళం. మొదటిసారి చూడటానికి, రెండోసారి నేను రాసుకోవడానికి. ఏ పెట్టెలో ఏ రంగు దీపం వెలిగింది, ఎవరి చొక్కాకి ఎన్ని గుండీలు, గోడ మీద గడియారం ఎంత చూపించింది, అన్నీ ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడ్ ఒకటి నుంచి నంబర్లు వేసి రాసేవాణ్ణి. ఆ తర్వాత వారమంతా ఎవరికి ఏ అనుమానం వచ్చినా నా దగ్గరకే రావాలి. నన్ను రిజిస్టర్ అని పిలిచేవాళ్ళు. ఎగతాళిగానే పిలిచేవాళ్ళు. నేనది బిరుదనుకున్నాను.

జయపాల్ వాళ్ళిల్లు పటమటలో, మా ఇంటికి నాలుగు వీధుల అవతల. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు చర్చి నుంచి వచ్చి భోజనాలు చేసే వేళకి మేం చేరేవాళ్ళం. వీధి మలుపు నుంచే మసాలా వాసన ఎదురొచ్చేది. మా ఇంట్లో మాంసం తినరని రత్నం ఆంటీ, అంటే జయపాల్ వాళ్ళమ్మ, నా కోసం ముందే బంగాళదుంప వేపుడు వేరే మూకుడులో చేసి, మూతపెట్టి, కిటికీ దగ్గర ఎడంగా ఉంచేవారు. “ఇది నీదయ్యా, దీనికి ఏ గరిటా తగల్లేదు,” అని ప్రతి వారం చెప్పేవారు. హాల్లో ఇంకొన్ని వాసనలుండేవి. గంజి పెట్టిన తెల్లటి యూనిఫాం, బూటు పాలిష్, ఇనుము. దేవసహాయం గారు, జయపాల్ వాళ్ళ నాన్న, గూడ్సు బళ్ళ మీద గార్డు. డ్యూటీ లేని ఆదివారం పేపరు పట్టుకుని మాతోనే కూర్చుని ఎపిసోడ్ చూసేవారు. ఆయన జెండాలు, ఎర్రదీ పచ్చదీ, ఆదివారం ఉతికి పెరట్లో తీగ మీద ఆరేసేవారు. పక్కనే ఆంటీ చీరలు. గాలికి అన్నీ కలిసి ఊగేవి. చూడటానికి వింతగా ఉండేది గానీ ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకున్నట్టు ఉండేవాళ్ళు కాదు.

హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళే గుమ్మం పక్కన ఒక క్యాలెండరు, దానికి దారంతో కట్టిన నల్ల సిరా పెన్ను. ఏ తేదీన ఎన్నింటికి డ్యూటీ ఎక్కాలి, ఎన్నింటికి దిగారు అని దేవసహాయం గారు ఆ గళ్ళల్లో చీమల్లాంటి అంకెలు వేసేవారు. పొరపాటు పడితే దిద్దేవారు కాదు. తప్పు అంకె మీద సన్నగా ఒక్క గీత, పక్కన సరైన అంకె, దాని పక్కన పొట్టి సంతకం. “ఇంట్లో క్యాలెండరు మీద కూడా సంతకాలే! రేపు నేను కూరలో ఉప్పెక్కువేస్తే మూకుడు మీద కూడా గీత కొట్టి సంతకం పెడతారు,” అని ఆంటీ అనేవారు. ఆయన పేపరు వెనక నుంచి “ఉప్పు సరిపోయిందమ్మా” అనేవారు.

ఆ ఇంటిని చూసి నేను కుళ్ళుకునేవాణ్ణి. ఇప్పుడు ఒప్పుకోవడం తేలికే, అప్పుడు దానికి ఆ పేరు పెట్టుకోవడం తెలియదు. కంప్యూటరుని చూసి కాదు, అది పాతదే, మధ్యలో ఆగిపోయేది. జయపాల్ తన బుర్రకి తోచిన సగం సగం మాటలన్నీ వాళ్ళ నాన్నతో చెప్పేవాడు. ఆయన పేపరు దించి వినేవారు. “ఊఁ, తర్వాత?” అనేవారు. ఆ రెండు మాటలు. మా నాన్నగారు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఇంటికొచ్చాక ఎర్రపెన్నుతో పేపర్లు దిద్దుతూ కూర్చునేవారు. నా గూడ్సు పుస్తకం ఒకసారి ఆయన చేతిలో పడితే నాలుగు పేజీలు తిప్పి, “చాలా నీట్‌గా ఉంది. ఇందులో సిలబస్సు ఏదీ?” అన్నారు. తిరిగిచ్చేశారు. ఆయన చెడ్డవారు కాదు. “తర్వాత?” అని మాత్రం అనలేదు. అందుకని నేను ఇంకా ఎక్కువ రాశాను, ఇంకా సన్నగా, ఇంకా నీట్‌గా. జయపాల్ ఏమీ రాయకుండానే వాడికి దొరుకుతున్నదేదో, నాకు రాస్తేనైనా దొరకాలి కదా అనుకున్నాను.

మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ వచ్చింది. రెండో సీజన్ చివర ఓడ ఒక నల్లటి ధూళిమేఘంలోకి దూరి మాయమైపోయింది, ఎనిమిది నెలలు ఆగాం. కొత్త ఎపిసోడ్ తీరా చూస్తే, ఏమీ జరగనట్టే మొదలైంది. కెప్టెన్ నిద్ర లేస్తుంది, కాఫీ కలుపుకుంటుంది, ఓడ సాఫీగా పోతూ ఉంటుంది. కానీ అన్నీ కొంచెం తేడాగా ఉంటాయి. మధ్య పెట్టెల్లో తెల్లదీపాల బదులు పసుపు దీపాలు. గోడ మీద ఫోటో ఒకటి లేదు. ముందు క్యాబిన్ గడియారం నలభై సెకన్లు వెనక. కెప్టెన్ నాలుగుసార్లు వెనక క్షేమమా అని అడుగుతుంది, నాలుగుసార్లూ జవాబొస్తుంది. అయినా ఆమెకేదో అనుమానం. చివర్లో లేచి, నూట పన్నెండు పెట్టెలూ నడుచుకుంటూ వెళ్ళి, ఆఖరి తలుపు మీద చెయ్యి వేస్తుంది. తెర నల్లబడిపోతుంది. అయిపోయింది.

“అంటే ఏంట్రా? చచ్చిపోయారా అందరూ?” అన్నాడు బాబ్జీ.

“చచ్చిపోతే కాఫీ ఎందుకు తాగుతుంది?” అంది హారిక.

“మా బాబాయి చచ్చిపోయినా ముందు టీ అడుగుతాడు.”

“కల అయ్యుంటుంది,” అన్నాడు జయపాల్. “మేఘంలోకి వెళ్ళాక ఆమె పడుకునే ఉంది. ఇదంతా కల.”

“కల అని చెప్పేవాడికి కథ రాయడం రాదని అర్థం,” అన్నాను నేను. “నాకు వారం టైమివ్వండి.”

ఆ వారం నేను కాలేజీ పుస్తకం ముట్టలేదు. నలభై ఒక్క తేడాలు లెక్క తేలాయి. వాటన్నిటినీ ఒక గ్రాఫు షీటు మీద పెట్టి, మేఘంలో ఓడ రెండు కాలాలుగా చీలిందని, ముందు సగం ఒక కాలంలో, వెనక సగం ఇంకో కాలంలో ఉందని, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గీశాను. గడియారం తేడా దీనికి సరిపోయింది. దీపాల రంగు సరిపోయింది. నలభై ఒక్కటిలో ముప్పై ఎనిమిది సరిపోయాయి. మిగిలిన మూడూ వాళ్ళ షూటింగు పొరపాట్లని తేల్చేశాను. ఆ మూడింటిలో ఒకటి ఇరవై ఏడు.

తర్వాతి ఆదివారం బాబ్జీ వట్టి చేతులతో వచ్చాడు. రెండో ఎపిసోడ్ ఇంకా రాలేదన్నాడు. అది ఇక రాదని, సీరియలే ఆపేశారని మాకు నెల తర్వాత గానీ తెలియలేదు. పాతదైనా ఇంకోసారి చూద్దామంటే, బాబాయికి ఏదో సినిమా ఎక్కించడానికి దాన్ని చెరిపేశాడు. హారిక వాణ్ణి తిట్టిన తిట్లకి వంటింట్లోంచి ఆంటీ తొంగిచూశారు. నేను లోపల సంతోషించాను. ఇక ఆ ఎపిసోడ్ ప్రపంచంలో ఎక్కడున్నా, మా పటమటలో నా పుస్తకంలోనే ఉంది. గ్రాఫు షీటుని గోడకి అతికించి మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు చెప్పాను. హారిక రెండు ప్రశ్నలేసింది, రెంటికీ జవాబు నా దగ్గరుంది. బాబ్జీ కూడా జోకులాపి వింటున్నాడు. అంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

అప్పుడు దేవసహాయం గారు పేపరు దించారు.

“నాకు ఈ కాలాలు అవీ తెలియవు బాబూ,” అన్నారు. “ఇంగ్లీషు కూడా సగమే పట్టుబడింది. కానీ వారం నుంచి ఒకటి చెవిలో మోగుతోంది. ఆ వెనక పెట్టెలో మనిషి లేడు.”

“అదేంటి నాన్నా, మాట్లాడాడుగా నాలుగుసార్లు?” అన్నాడు జయపాల్.

“అందుకే చెబుతున్నా. ముప్పై ఆరేళ్ళ నుంచి ఆ పెట్టెలో ఒక్కణ్ణే కూర్చుంటున్నాను. స్టేషను దాటేటప్పుడల్లా డ్రైవరు పచ్చజెండా చూపిస్తాడు, అంతా బాగుందా అని. నేను చూపిస్తాను, బాగుందని. ఏ రెండుసార్లూ ఒక్కలా ఉండదు. ఒకసారి ముందే నిలబడి ఉంటాను. ఒకసారి టిఫిన్ గిన్నె మూత పెట్టి లేవాలి. ఒకసారి కళ్ళల్లో నలుసు పడుతుంది. మనిషన్నాక జవాబులో తేడా ఉంటుంది. వీడు నాలుగుసార్లూ ఒకే ఎడంతో, ఒకే ఊపిరితో పలికాడు. అది టేపు. పెట్టె ఖాళీ.”

అందరూ ఒక్కసారే మాట్లాడారు. “అంకుల్! అంకుల్, మీరు కేకండీ!” అని బాబ్జీ కుర్చీలోంచి లేచాడు. ఆమెకి అనుమానం రావడం, అంతదూరం నడిచి వెళ్ళడం, తలుపు దగ్గర ఆగడం, అన్నీ ఒక్క మాటతో సరిపోయాయని హారిక వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. “నాన్న పేరుతోనే పెడదాం,” అన్నాడు జయపాల్. ఆ సీరియల్ అభిమానుల వెబ్‌సైట్ ఒకటుండేది, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో అందులో వాదించుకునేవాళ్ళు. “‘గార్డు దేవసహాయం, విజయవాడ’ అని పెడదాం. హారికా, ఇంగ్లీషులో నువ్వు రాయి.” వాళ్ళ నాన్న వైపు చూస్తున్నాడు వాడు. ఆయన సిగ్గుపడుతూ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. గోడ మీద నా గ్రాఫు షీటు ఒక మూల టేపు ఊడి వేలాడుతోంది. దాని వైపు ఎవరూ చూడలేదు.

“ఆగండి, శ్రీధర్ దగ్గర టైములుంటాయి,” అంది హారిక. “రెండోసారి చూసినప్పుడు వాచీతో కొలిచాడు. చదువు శ్రీధర్. జవాబుకి ఎన్నేసి సెకన్లు పట్టింది?”

పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. పేజీ తెరిచే ఉంది. ఇరవై ఏడు: కెప్టెన్ ప్రశ్నకి జవాబు, మధ్య ఎడం, సెకన్లలో. 3, 3, 3, 3.

“మూడు,” అన్నాను. ఊపిరి తీసుకున్నాను. “అయిదు. రెండు. నాలుగు.”

ముందుగా అనుకుని చెప్పింది కాదు. అలాగని నోరు జారిందీ కాదు. అంకెకీ అంకెకీ మధ్య జయపాల్ ముఖం చూస్తూనే చదివాను. వాడి ముఖంలో వెలుగు తగ్గుతుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇక్కడ రాయకపోతే ఈ జ్ఞాపకం రాసి ప్రయోజనం లేదు.

“అలాగా,” అన్నారు దేవసహాయం గారు. “అయితే నేనే సరిగ్గా వినలేదన్నమాట. ఉన్నాడు లెండి మనిషి.” కొంచెం ఆగి, “మంచిదే. పాపం ఒక్కడూ,” అన్నారు. ఆయన నిజంగానే సంతోషించినట్టు కనిపించారు. పేపరు మడిచి పట్టుకుని వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

హారిక పుస్తకం కోసం చెయ్యి చాచింది. “నీళ్ళు తాగొస్తా,” అని పుస్తకం పట్టుకునే వంటింటి గుమ్మం వైపు వెళ్ళాను. నా నీలం పెన్ను హాల్లోనే ఉండిపోయింది. క్యాలెండరుకి కట్టిన నల్లపెన్ను ఉంది. దారం పొడవు చాలక పుస్తకాన్ని గోడకే ఆనించి దిద్దాను. 3ని 5 చేయడం తేలిక. 3ని 2 చేయడం కష్టం. 3ని 4 చేయాలంటే మూడుసార్లు రుద్దాలి, అప్పటికీ కిందది కనిపిస్తూనే ఉంటుంది. నా ముక్కుకి జానెడు దూరంలో క్యాలెండరు మీద ఆయన సన్నటి గీతలు, పొట్టి సంతకాలు. వెనక్కి వచ్చి పుస్తకం ఇచ్చాను. హారిక ఆ పేజీని అవసరమైన దానికన్నా ఎక్కువసేపే చూసింది. పుస్తకం మూసి తిరిగిచ్చింది.

నా రెండు కాలాల సిద్ధాంతమే ఆ వారం వెబ్‌సైట్లో పెట్టాం. ఎవరూ పట్టించుకోలేదు. నాలుగు నెలల తర్వాత, ఎక్కడో చలిదేశంలో ఉండే ఎవరో ఒకాయన, వెనక గొంతు ప్రతిసారీ సరిగ్గా మూడు సెకన్లకే జవాబిస్తోందని, అది రికార్డింగని, ఆ పెట్టె ఖాళీ అని రాశాడు. పొగడ్తలు పేజీల కొద్దీ. ‘మూడు సెకన్ల సిద్ధాంతం’ అని దానికి పేరు కూడా వచ్చింది. కాలేజీ ల్యాబులో ఒక్కణ్ణే కూర్చుని అది చదివాను. అప్పటికి మా బ్యాచ్‌లో ఎవరూ ఆ వెబ్‌సైట్ చూడటం లేదు. నేను చెప్పలేదు. ఆ చలిదేశం ఆయన మీద కూడా నాకు ఒళ్ళు మండింది. అంకెలు నావి. వాడికన్నా నాలుగు నెలల ముందు, చేతివాచీతో, పటమటలో కొలిచినవి. నా అంకెల్నీ, దేవసహాయం గారి చెవినీ కలిపితే వాడికంటే మేమే ముందు. కలపకుండా చూసుకున్నది నేనే.

ఆ తర్వాత ఇంకో ఏడాది ఆ ఇంటికి వెళ్ళాను. ఇతర సీరియళ్ళు చూశాం. దేవసహాయం గారు మేం రాగానే కుర్చీ వరండాలోకి మార్చుకునేవారు. “మీరు చూసుకోండి బాబూ, నాకు అర్థం కావు,” అనేవారు. నా వేపుడు మాత్రం కిటికీ దగ్గర ఎప్పటిలాగే ఎడంగా ఉండేది.

ఇప్పుడు నేను ఒక కరెంటు ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ల క్యాలిబ్రేషన్ చూస్తున్నాను. మీటరు చూపించేది నిజమో కాదో తేల్చి, సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఈ పద్నాలుగేళ్ళలో ఇంకే రీడింగూ నేను తప్పు రాయలేదు. గూడ్సుని ఎవరో మళ్ళీ మొదలుపెట్టారని, కొత్త సీజన్ వస్తోందని తెలిసిన రోజు మాత్రం ప్లాంటులో ఒక ప్రెషర్ గేజిని మూడుసార్లు చూశాను. ఆ సాయంత్రమే జయపాల్ మెసేజ్: “ఆదివారం చర్చి అయ్యాక అందరూ మా ఇంటికే. ఎవడి ఫోన్లో వాడు చూస్తే చంపేస్తా. నాన్న కూడా చూస్తానన్నారు.”

వాళ్ళింటికి రెండువైపులా అపార్టుమెంట్లు లేచాయి, ఇల్లు మాత్రం అదే. పెరట్లో తీగ ఉంది, జెండాలు లేవు. గోడకి పెద్ద టీవీ. పెన్‌డ్రైవ్ అక్కర్లేదు, మీట నొక్కితే చాలు. మైలవరంలో టీచరుగా చేస్తున్న హారిక వచ్చింది. బాబ్జీ పొట్టతో సహా వచ్చాడు, ఎపిసోడ్ మొదలవకముందే ఫోన్లో ఎవరెవరో ఏమంటున్నారో చదవడం మొదలుపెట్టాడు. అప్పుడు మాకు ఎపిసోడ్ వారానికొకటి, వాదన వారమంతా. ఇప్పుడు వాదన ముందే వచ్చేస్తోంది. రత్నం ఆంటీ నా చేతికి పళ్ళెం ఇస్తూ, “ఇది నీదయ్యా, ఏ గరిటా తగల్లేదు,” అన్నారు. దేవసహాయం గారికి డెబ్భై దాటాయి. చెవికి మిషను వచ్చింది. హాల్లోనే, టీవీకి దగ్గరగా, కుర్చీ వేసుకున్నారు. పుస్తకం నా బ్యాగులో ఉంది. ఎందుకు తెచ్చానో అప్పటికి నాకే తెలియదు.

కొత్త ఎపిసోడ్ ఆ పాత నల్లటి తెర దగ్గరే మొదలైంది. చెయ్యి తలుపు మీద ఉంది. తలుపు తెరుచుకుంది. లోపల ఒక కుర్చీ, దాని మీద ధూళి, బల్ల మీద తిరుగుతున్న రెండు టేపు చక్రాలు. “వెనక అంతా క్షేమం, సాగిపొండి.” కెప్టెన్ వెనక్కి తిరిగింది. ఆమె తెరిచిన తలుపు బయట, ఆమె నడిచొచ్చిన దారిలో, పెట్టెలే లేవు. ఎపిసోడ్ అక్కడ ఆగిపోయింది.

“ఇప్పుడు పెట్టెలేమైనట్టు?” అని బాబ్జీ అరిచాడు. “పద్నాలుగేళ్ళు ఆపి ఇంకో ముడేశారు వీళ్ళు! ఇదిగో, చూడండి, ‘మూడు సెకన్ల సిద్ధాంతం నిజమైంది’ అంటున్నారు అందరూ. ఎవడో ఫారినోడంట, ఎప్పుడో చెప్పాడంట.”

“ఎప్పుడో కాదు,” అన్నాడు జయపాల్. లేచి నిలబడ్డాడు. “నాన్నా! నువ్వు చెప్పావు. ఇదే గదిలో. టేపు అన్నావు, పెట్టె ఖాళీ అన్నావు!”

“అన్నానా?” అన్నారాయన.

“అన్నారంకుల్,” అంది హారిక. ఆమె నా వైపు తిరగలేదు. “అప్పుడు టైములు సరిపోలేదని వదిలేశాం.” ఇంకాసేపటికి, మెల్లగా, “పుస్తకం ఉందా శ్రీధర్?” అంది.

నేను బ్యాగు తెరిచాను. పేజీ తీసి, టీపాయ్ మీద పెట్టి, జయపాల్ వైపు తిప్పాను. వాడు వంగి చూశాడు. నీలం అంకెల మీద నల్ల అంకెలు. నీలం అన్నీ మూళ్ళే అని ఎవరైనా చదవగలరు.

“ఇదేంట్రా?”

“దిద్దాను. అన్నీ మూడే వచ్చాయి. అబద్ధం చదివి, ఆ క్యాలెండరు పెన్నుతో దిద్దాను.”

“ఎందుకు?”

“మీ నాన్న చెప్పారు కాబట్టి,” అన్నాను. “ఆయన మీ నాన్న అవడం వల్ల.”

“నాన్న పేరు పెడదామనుకున్నాం కదరా,” అన్నాడు జయపాల్. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. “రిటైరయ్యే ముందేడు అది. ఎంత సరదాపడేవారు! ఆ తర్వాత ఆయన మాతో కూర్చోనే లేదు, నీకు తెలుసా?”

“తెలుసు.”

బాబ్జీ జేబులో ఫోను పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం మొత్తం మీద వాడు జోకు వేయని చోటు అదొక్కటే.

దేవసహాయం గారు చెయ్యి చాచారు. పుస్తకం ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ ఎపిసోడ్ మొదటి నంబరు నుంచి చదవడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. పేజీ తిప్పారు. మేం నిలబడే ఉన్నాం. మా నాన్నగారు నాలుగు పేజీలకి తిరిగిచ్చిన పుస్తకాన్ని ఆయన ఇరవై ఏడు దాకా ఒక్కటీ వదలకుండా చదువుకుంటూ వచ్చారు. అక్కడ ఆగి వేలు పెట్టారు.

“నాకు గుర్తుంది బాబూ,” అన్నారు. “మనిషున్నాడని చెప్పావు. ఆ రోజు నాకు మంచిగా నిద్ర పట్టింది.” తర్వాత, నేను ఏమైనా అనేలోపు, “కానీ ఇలా దిద్దకూడదు. రికార్డులో అంకె మీద అంకె వేయకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టు, కిందది కనిపించాలి. పక్కన సరైనది రాయి. సంతకం పెట్టు. అమ్మా, ఆ పెన్నిలా ఇవ్వు,” అన్నారు.

ఆంటీ క్యాలెండరు దగ్గర నుంచి పెన్ను తెచ్చారు. దారం ఇంకా ఉంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, 5 మీద ఒక గీత, 2 మీద ఒక గీత, 4 మీద ఒక గీత కొట్టాను. పక్కన 3, 3, 3 అని రాశాను. సంతకం పెట్టాను. ప్లాంటులో రోజుకి ముప్పైసార్లు పెట్టే సంతకమే.

ఆయన పెన్ను తీసుకున్నారు. “చూసినవాళ్ళు కూడా పెట్టాలి,” అని, నా సంతకం పక్కన తన పొట్టి సంతకం చేసి, గోడ గడియారం చూసి, కింద టైము వేశారు: 16.40. ఆ తర్వాత ఇరవై ఎనిమిదో నంబరు మీద వేలు పెట్టి, “ఈ పసుపు దీపాలేంటి? దీని సంగతి చెప్పు,” అన్నారు.

నేను చెప్పడం మొదలుపెట్టాను.

“ఊఁ, తర్వాత?” అన్నారాయన.

“ఇంతకాలం క్యాలెండరు మీద నీ సంతకాలే చూశాను గానీ,” అన్నాడు వెనక నుంచి జయపాల్, “నా సంతకం పక్కన ఒక్కసారీ పెట్టలేదు నాన్నా నువ్వు.”

వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ నవ్వులో ఉన్నది వెంటనే తెలిసిపోయింది. దాన్ని నాకంటే బాగా ఎరిగినవాడు ఆ గదిలో లేడు. ఇరవై తొమ్మిదో నంబరుకి పేజీ తిప్పాలి. సిరా ఆరాలన్న మిషతో పుస్తకాన్ని అలాగే తెరిచి ఉంచాను, వాడికి ఆ రెండు సంతకాలూ కనిపించేటట్టు.